ఎకో రిపోర్టులో కనిపించే డాప్లర్ ఎవరు?



ఇంట్లో ఒక్కరైనా గుండె డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చి ఉంటే, మీ బీరువాలో ఒక ఫైలు ఉండే ఉంటుంది. అందులో ఒక కాగితం పైన “టూడీ ఎకో, కలర్ డాప్లర్” అని రాసి ఉంటుంది. కింద నల్లటి బొమ్మ మీద ఎరుపు, నీలం మచ్చలు. ఎకో అంటే ప్రతిధ్వని అని మీకు తెలుసు. మరి డాప్లర్ అంటే? మెషీన్ తయారుచేసే కంపెనీ పేరని చాలామంది అనుకుంటారు. కాదు, అది ఒక మనిషి పేరు. ఆయన డాక్టరు కూడా కాదు, లెక్కల మాస్టారు. చనిపోయి నూట డెబ్బై ఏళ్లు దాటింది.

ఈ నెల ఆయన కథ ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. స్కూల్ హెల్త్ క్యాంపులో డాక్టరు స్టెతస్కోపు పెట్టి విని, మీ పాపకో బాబుకో “మర్మర్ ఉంది, ఒకసారి ఎకో తీయించండి” అని చీటీ రాస్తే మీకు ఆ రాత్రి నిద్ర పట్టదు. పిల్లల్లో వినిపించే మర్మర్లలో చాలావరకు ఏ జబ్బూ లేనివే. కానీ ఏది ఉత్త శబ్దమో, ఏది వాల్వు జబ్బో తేల్చాలంటే ఎకో కావాలి. అందులోనూ ఈ లెక్కల మాస్టారు చెప్పిన సూత్రం కావాలి.

క్రిస్టియన్ డాప్లర్ 1803 నవంబరు 29న ఇప్పటి ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ పట్టణంలో పుట్టాడు. సంగీతకారుడు మోజార్ట్ కుటుంబం నివసించిన చౌరస్తాలోనే వీళ్ల ఇల్లు. తరతరాలుగా రాతిపని చేసే కుటుంబం. మంచి పేరు, నడుస్తున్న వ్యాపారం. కొడుకు పుడితే ఉలీ సుత్తీ పట్టాల్సిందే. కానీ ఈ పిల్లాడు చిన్నప్పటి నుంచీ నలతగా ఉండేవాడు. రాయి మోయగల ఒళ్లు కాదు, రాతి దుమ్ము పీల్చగల ఊపిరితిత్తులూ కావు.

అప్పుడు తండ్రి చేసిన పని నాకు చాలా నచ్చుతుంది. పిల్లాడిని బలవంతంగా పనిలోకి దించలేదు, పనికిరానివాడని వదిలేయలేదు. ఆ ఊళ్లోనే ఉన్న సైమన్ స్టాంఫర్ అనే లెక్కల ప్రొఫెసర్ దగ్గరికి వెళ్లి, వీడిని ఏం చదివించమంటారని సలహా అడిగాడు. ఆయన పిల్లాడి లెక్కలు చూసి, వియన్నాలోని పాలిటెక్నిక్‌కు పంపమన్నాడు. 1822లో డాప్లర్ అక్కడ చేరాడు.

ఇక్కడి నుంచి కథ సాఫీగా సాగిందనుకోకండి. చదువైపోయాక వియన్నాలోనే నాలుగేళ్లు ప్రొఫెసర్‌కు అసిస్టెంటుగా చేశాడు. ఆ గడువు ముగిసేసరికి వయసు ముప్పై. పర్మనెంట్ ఉద్యోగం లేదు. ఎక్కడెక్కడో అప్లై చేశాడు, పోటీ పరీక్షలు రాశాడు, ఎదురుచూశాడు. పొట్టకూటికి పద్దెనిమిది నెలలు ఒక నూలు మిల్లులో లెక్కలు రాసే గుమాస్తాగా పనిచేశాడు. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల్లో అకౌంట్స్ చూసే తండ్రులు మన స్కూల్లో చాలామంది ఉన్నారు. ఆ పని ఏమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. చివరికి విసిగిపోయి అమెరికా వెళ్లిపోదామని నిర్ణయించుకున్నాడు. ఇంట్లో సామాను అమ్మేశాడు. సరిగ్గా అప్పుడే, 1835లో, ప్రాగ్ నగరంలోని ఒక టెక్నికల్ స్కూలు నుంచి టీచర్ ఉద్యోగం వచ్చింది. అమెరికా ప్రయాణం ఆగింది. మరుసటి ఏడాది మటిల్డాను పెళ్లి చేసుకున్నాడు. ఐదుగురు పిల్లలు. 1841లో ప్రాగ్ పాలిటెక్నిక్‌లో ప్రొఫెసర్ అయ్యాడు.

1842 మే 25న ప్రాగ్‌లోని రాయల్ బొహీమియన్ సైన్స్ సొసైటీ సమావేశంలో ఆయన ఒక పేపర్ చదివాడు. విన్నవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. పేపర్ విషయం జంట నక్షత్రాల రంగులు. అందులో చెప్పిన సంగతి మీరు రోజూ అనుభవిస్తున్నదే.

నేషనల్ హైవే 65 పక్కన నిలబడి ఉన్నారనుకోండి. సైరన్ వేసుకుని అంబులెన్స్ వస్తోంది. మీ వైపు వస్తున్నంతసేపూ సైరన్ కాస్త కీచుగా వినిపిస్తుంది. మిమ్మల్ని దాటగానే ఒక్కసారిగా శ్రుతి దిగిపోయి బొంగురుగా మారుతుంది. డ్రైవర్ సైరన్ మార్చలేదు. లోపల కూర్చున్నవాళ్లకు అది ఒకేలా వినిపిస్తోంది. తేడా మీ చెవికే. దగ్గరికి వచ్చేటప్పుడు శబ్ద తరంగాలు ఒకదాని వెనుక ఒకటి దగ్గర దగ్గరగా మీ చెవిని చేరుతాయి, దూరమయ్యేటప్పుడు ఎడం ఎడంగా చేరుతాయి. (పిల్లలు పరీక్షలో ఇక్కడే పొరబడుతుంటారు. దగ్గరికి వస్తే శబ్దం పెద్దదవడం వేరు, శ్రుతి పెరగడం వేరు. డాప్లర్ చెప్పింది రెండోది.) ఆయన తన పేపర్లో ఓడ ఉదాహరణ తీసుకున్నాడు. అలలకు ఎదురు వెళ్లే ఓడకు నిమిషానికి ఎక్కువ అలలు తగులుతాయి, అలలతో పాటు పోయే ఓడకు తక్కువ తగులుతాయి. శ్రుతి ఎంత మారిందో కొలిస్తే, వస్తువు ఎంత వేగంగా వస్తోందో, పోతోందో లెక్కకట్టవచ్చు. సూత్రం మొత్తం ఇంతే.

విచిత్రం ఏమిటంటే, సూత్రం సరైనదే కానీ ఆయన దాన్ని వాడిన చోటు తప్పు. నక్షత్రాలు మన వైపు వస్తూ పోతూ ఉండటం వల్లే వాటికి నీలం, ఎరుపు రంగులు వస్తున్నాయని ఆయన అనుకున్నాడు. నక్షత్రం రంగు ప్రధానంగా దాని వేడి మీద ఆధారపడుతుంది. కదలిక వల్ల వెలుగులో వచ్చే మార్పు నిజమే అయినా, కంటితో పట్టుకోలేనంత చిన్నది.

ఆ రోజుల్లో ఈ సూత్రాన్ని పరీక్షించడానికి మెషీన్లు లేవు. 1845లో హాలండ్‌లో బైస్ బాలట్ అనే యువ శాస్త్రవేత్త డాప్లర్ చెప్పింది నిజమో కాదో తేల్చాలనుకున్నాడు. అప్పటికి మనుషులు చూసిన అతి వేగమైన వాహనం రైలు. యూట్రెక్ట్ దగ్గర రైలు మీద కొందరు బాకా వాద్యకారులను ఎక్కించి ఒకే స్వరం ఊదమన్నాడు. పట్టాల పక్కన మంచి స్వరజ్ఞానం ఉన్న సంగీతకారులను నిలబెట్టి, వినిపించిన స్వరం రాయమన్నాడు. ఫిబ్రవరిలో మొదలుపెట్టిన ప్రయత్నం మంచు వల్ల ఆగిపోయింది. జూన్‌లో మళ్లీ చేశాడు. రైలు దగ్గరికి వస్తున్నప్పుడు స్వరం పైకి, దాటాక కిందికి. శబ్దం విషయంలో డాప్లర్ గెలిచాడు. నక్షత్రాల రంగుల మాట మాత్రం బైస్ బాలట్ ఒప్పుకోలేదు, అదీ సరైనదే.

ప్రాగ్‌లో అదే కాలంలో డాప్లర్ పరిస్థితి వేరుగా ఉంది. ఆయన మీద విద్యార్థులు కంప్లయింట్ ఇచ్చారు. మరీ కఠినంగా పరీక్షిస్తున్నాడని, అన్యాయంగా ఫెయిల్ చేస్తున్నాడని. వందల మందికి ఆయన ఒక్కడే రాత పరీక్ష, నోటి పరీక్ష పెట్టాలి. రోజుల తరబడి అదే పని. అసలే బలహీనమైన ఒళ్లు. 1844లో ఈ కంప్లయింట్ మీద విచారణ జరిగి, పైవాళ్లు ఆయన్ను మందలించారు. ఆరోగ్యం దెబ్బతిని సెలవు పెట్టాడు, 1846లో గానీ మళ్లీ పనిలోకి రాలేకపోయాడు. టీచర్‌గా ఈ ఘట్టం చదివితే నాకు రెండు వైపులా జాలేస్తుంది. ఆయన పేపర్లు దిద్దినవాడు, ఆ పిల్లలు ఆ మార్కులతో ఇంటికి వెళ్లాల్సినవాళ్లు.

1847లో ఇప్పటి స్లొవేకియాలో ఉన్న ఒక గనుల అకాడమీకి మారాడు. మరుసటి ఏడాది యూరప్ అంతా విప్లవాలు చెలరేగడంతో అక్కడి నుంచి వియన్నా చేరాడు. 1850లో వియన్నా విశ్వవిద్యాలయం కొత్త భౌతికశాస్త్ర సంస్థకు మొదటి డైరెక్టర్ అయ్యాడు. అక్కడ ఆయన పాఠాలు విన్నవాళ్లలో గ్రెగర్ మెండెల్ ఒకరు. మీ పిల్లల బయాలజీ పుస్తకంలో బఠాణీ మొక్కల ప్రయోగం చేసిన మెండెల్ ఆయనే. జీవితం ఒక గాడిన పడింది అనుకునే లోపే ఊపిరితిత్తుల జబ్బు ముదిరింది. 1852లో గణితవేత్త పెట్జ్‌వాల్ ఆయన సూత్రమే తప్పని సైన్స్ అకాడమీలో వాదనకు దిగాడు. ఆ ఏడాది నవంబరులో గాలి మార్పు కోసం డాప్లర్ వెనిస్ వెళ్లాడు. అక్కడే 1853 మార్చి 17న చనిపోయాడు. భార్య చివరికి పక్కనే ఉంది. వయసు 49. పిల్లలు ఇంకా చిన్నవాళ్లు.

అక్కడి నుంచి ఆయన సూత్రం గుండె దాకా రావడానికి దాదాపు వందేళ్లు పట్టింది. అది వచ్చిన దారిలో మన ఏరియా వాళ్లకు బాగా తెలిసిన ఒక మజిలీ ఉంది.

ఫ్యాబ్రికేషన్ షాపుల్లో, ఫోర్జింగ్ యూనిట్లలో పనిచేసేవారికి యూటీ అంటే తెలుసు, అల్ట్రాసానిక్ టెస్టింగ్. వెల్డింగ్ లోపల పగులుందా, బోలుగా ఉందా అని కోయకుండానే శబ్ద తరంగాలు పంపి చూస్తారు. స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగే ఎడ్లర్ అనే గుండె డాక్టరుకు 1950ల్లో ఒక సమస్య ఉండేది. మైట్రల్ వాల్వు ఇరుకైన రోగులకు అప్పుడప్పుడే ఆపరేషన్లు మొదలయ్యాయి. కానీ ఎవరి వాల్వు ఇరుకైందో, ఎవరిది లీకవుతోందో ముందే తేల్చలేకపోతున్నారు. లీకు ఉన్నవారికి ఇరుకు తీసే ఆపరేషన్ చేస్తే ప్రాణం మీదికి వస్తుంది. ఆయన కార్ల్ హెల్ముట్ హెర్ట్జ్ అనే ఫిజిక్స్ పరిశోధకుడిని కలిశాడు. ఇద్దరూ మాల్మోలోని కాకమ్స్ ఓడల కార్ఖానా నుంచి లోహాలను పరీక్షించే యూటీ మెషీన్ అరువు తెచ్చి, 1953లో మనిషి ఛాతీ మీద పెట్టి చూశారు. గుండె గోడల నుంచి ప్రతిధ్వని వచ్చింది. ఎకో పుట్టింది అలాగే.

ఎడ్లర్, హెర్ట్జ్‌ల పద్ధతి వాల్వు కదలికను చూపేది కానీ రక్తం వేగాన్ని చెప్పేది కాదు. అక్కడ డాప్లర్ అవసరం పడింది. జపాన్‌లోని ఒసాకాలో సాటోమురా 1950ల్లోనే ఆ సూత్రాన్ని గుండె మీద వాడటం మొదలుపెట్టాడు. 1970ల్లో నార్వేలో హోలెన్, ఆ తర్వాత లివ్ హాట్లె అనే మహిళా డాక్టరు దాన్ని వాల్వు జబ్బుకు కొలబద్దగా మార్చారు.

అది ఎలా పనిచేస్తుందో చూద్దాం. గుండెలో నాలుగు వాల్వులు ఉంటాయి. ఒక వైపే తెరుచుకునే తలుపులు. తలుపు సరిగా తెరుచుకోకపోతే ఇరుకు, రిపోర్టులో స్టెనోసిస్ అని రాస్తారు. సరిగా మూసుకోకపోతే లీకు, దాన్ని రిగర్జిటేషన్ అంటారు. ప్రోబ్ నుంచి చెవికి వినిపించని శబ్దం లోపలికి వెళ్తుంది. సెకనుకు 20 లక్షల సార్లకు పైగా కంపించే శబ్దం అది. కండరంలో సెకనుకు సుమారు 1,540 మీటర్ల వేగంతో ప్రయాణిస్తుంది. కదులుతున్న ఎర్ర రక్తకణాలకు తగిలి వెనక్కి వచ్చేటప్పుడు దాని శ్రుతి కొద్దిగా మారుతుంది, అంబులెన్స్ సైరన్ లాగే. మార్పును బట్టి మెషీన్ రక్తం వేగాన్ని లెక్కకడుతుంది.

తోటలో పైపుతో నీళ్లు పోస్తూ మూతి మీద బొటనవేలు పెడితే నీళ్లు ఎగిరి చిమ్ముతాయి కదా. ఇరుకైన వాల్వులోంచి రక్తమూ అలాగే చిమ్ముతుంది. వేగం ఎంత పెరిగితే వాల్వుకు అటూ ఇటూ ఒత్తిడి తేడా అంత ఎక్కువ. లెక్క సులువు. సెకనుకు ఎన్ని మీటర్ల వేగమో ఆ అంకెను దానితోనే గుణించి, మళ్లీ 4తో గుణించాలి. వేగం 1 అయితే ఒత్తిడి తేడా 4 మిల్లీమీటర్ల పాదరసం. 2 అయితే 16. 4 అయితే 64. రిపోర్టులో గ్రేడియంట్ అని రాసేది దీన్నే. పెద్దవాళ్లలో అయోర్టిక్ వాల్వు దగ్గర వేగం 4 దాటితే తీవ్రమైన ఇరుకుగా లెక్కిస్తారు. ఇంతకుముందు ఈ ఒత్తిడి తెలుసుకోవాలంటే రక్తనాళంలోంచి గుండె దాకా సన్నని గొట్టం పంపాల్సి వచ్చేది. ఇప్పుడు చాలామందికి ఛాతీ మీద కొంచెం జెల్ రాస్తే సరిపోతుంది.

ఎరుపు, నీలం రంగుల గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఎరుపు అంటే మంచి రక్తం, నీలం అంటే చెడ్డ రక్తం అనుకుని కంగారు పడతారు. సాధారణంగా ప్రోబ్ వైపు వచ్చే రక్తానికి ఎరుపు, దూరంగా పోయేదానికి నీలం రంగు వేస్తారు, అంతే. రంగులు కలగాపులగంగా మొజాయిక్ గచ్చులా కనిపించిన చోట రక్తం సుడులు తిరుగుతోందని, అక్కడ లీకో ఇరుకో ఉండవచ్చని డాక్టరు చూస్తారు.

ఇంకో అంకె ఈఎఫ్, ఎజెక్షన్ ఫ్రాక్షన్. ఎడమ గది నిండినప్పుడు ఉన్న రక్తంలో ఒక్కో కొట్టుకు ఎంత శాతం బయటికి తోస్తోందో ఇది చెబుతుంది. మామూలుగా 55 నుంచి 70 మధ్య ఉంటుంది. ఈఎఫ్ బాగుంది కాబట్టి వాల్వు సంగతి తర్వాత చూద్దాం అనుకునే కుటుంబాలు ఉన్నాయి. మైట్రల్ వాల్వు లీకులో అది మోసం చేసే అంకె. గుండె తోసిన రక్తంలో కొంత ముందుకు, ఒంట్లోకి పోతుంది, కొంత లీకులోంచి వెనక్కి పోతుంది. రెండూ కలిపి లెక్కలోకి వస్తాయి కాబట్టి అలసిపోతున్న గుండెకు కూడా మంచి మార్కులే పడతాయి. అందుకే తీవ్రమైన మైట్రల్ లీకు ఉన్న పెద్దవాళ్లలో ఈఎఫ్ 60కి వచ్చినా, గుండె ముడుచుకున్నప్పుడు ఎడమ గది 40 మిల్లీమీటర్లకు చేరినా, రోగికి ఆయాసం లేకపోయినా డాక్టర్లు ఆపరేషన్ మాట ఎత్తుతారు. మీ ఇంట్లో పెద్దవాళ్లెవరికైనా ఇలా చెబితే, బాగానే తిరుగుతున్నారు కదా అని వాయిదా వేయకుండా ఆ అంకెలు చూపించమని అడగండి.

పిల్లల విషయానికి వస్తే మన దేశంలో వాల్వులను పాడుచేసే పెద్ద శత్రువు రుమాటిక్ జ్వరం. ఇది ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లలకు వస్తుంది, అంటే సరిగ్గా మన క్లాసుల్లో కూర్చునే వయసు. స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పి, జ్వరం వస్తాయి, తగ్గిపోతాయి. రెండు మూడు వారాల తర్వాత మోకాలు వాచి నొప్పి పెడుతుంది, అది తగ్గుతుండగానే మడమకో మోచేతికో పాకుతుంది. ఆటల్లో దెబ్బ తగిలి ఉంటుందిలే అనుకుంటాం. లోపల వాల్వు మీద మచ్చ పడుతుంది. అది గట్టిపడి ఇరుకు కావడానికి ఏళ్లు పట్టవచ్చు. 2007లో కంబోడియా, మొజాంబిక్ దేశాల స్కూలు పిల్లల మీద వచ్చిన ఒక అధ్యయనంలో, స్టెతస్కోపుతో దొరికిన కేసుల కంటే ఎకోతో సుమారు పది రెట్లు ఎక్కువ దొరికాయి. చెవికి వినిపించని లీకును డాప్లర్ పట్టుకుంది. ముందే తెలిస్తే పెద్ద ప్రయోజనం ఉంది. మూడు నాలుగు వారాలకు ఒకసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ కొన్నేళ్ల పాటు క్రమంగా వేయిస్తే, జ్వరం మళ్లీ వచ్చి వాల్వును ఇంకా పాడుచేయకుండా చాలావరకు ఆపవచ్చు. ఇంజెక్షన్ రోజున స్కూలు పోతుందని మాత్రం ఆలోచించకండి. ఒక్క డైరీ నోటు పంపితే చాలు, అటెండెన్స్ సంగతి మేం చూసుకుంటాం.

చివరగా, పరీక్ష గదిలో ఒక మాట గుర్తుంచుకోండి. డాప్లర్ సూత్రానికి ఒక షరతు ఉంది. రక్తం పోయే దారికి ప్రోబ్ నేరుగా ఉండాలి. అడ్డంగా ఉంటే వేగం ఉన్నదాని కంటే తక్కువ చూపిస్తుంది, తీవ్రమైన ఇరుకు మామూలు ఇరుకులా కనిపిస్తుంది. అందుకే డాక్టరు పాపను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, పక్కటెముకల మధ్య, మెడ కింద, పొట్ట పైభాగంలో మార్చి మార్చి ప్రోబ్ పెడతారు. అరగంట కూడా పట్టవచ్చు. చలికో, జెల్‌కో, చీకటి గదికో పాప ఏడిస్తే మళ్లీ మొదటి నుంచి. ముందే కడుపు నిండా తినిపించి తీసుకెళ్లండి (డాక్టరు వద్దంటే తప్ప), ఇష్టమైన బొమ్మ వెంట ఉంచండి.

మెషీన్‌కు స్పీకర్ ఉంటే సౌండ్ పెంచమని అడగండి. పంపిన శబ్దం మనకు వినిపించదు కానీ, వెళ్లినదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా సెకనుకు కొన్ని వేల కంపనాలే, అది మన చెవికి అందుతుంది. ఒక్కో కొట్టుకు ఒక్కోసారి హుష్, హుష్ అని వినిపిస్తుంది. ఏడుస్తున్న పిల్లలు చాలామంది ఆ చప్పుడు వినగానే ఆగి చెవి రిక్కిస్తారు.